వదినకు వినపడిన మోత

మా అమ్మాయి కాలేజీ దరఖాస్తుకి నివాస ధ్రువపత్రం నకలు వెతుకుతుంటే, బీరువా అడుగు అరలో ఒక ప్లాస్టిక్ సంచీలోంచి నా పాత మార్కుల షీటు బయటపడింది. తను చేరబోయేది డిజిటల్ మీడియా డిగ్రీలో. మొదటి ఏడాది తప్పనిసరిగా పాసవాల్సిన కోర్ పేపర్లు ఇవీ అని కిందటి రోజే ఫోన్లో చూసి నాకు చదివి వినిపించింది: కెమెరా, లైటింగ్, ధ్వని, ఎడిటింగ్, రచన. నా షీటులోనూ అవే ఐదు ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ చదువుకి సంబంధించిన సామానంతా మారిపోయింది కానీ ఆ జాబితా మాత్రం అలాగే కూర్చుని ఉంది. నా షీటులో 'ధ్వని' పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు. కింద సన్నటి అచ్చులో దాని అర్థం: రెండో ప్రయత్నంలో ఉత్తీర్ణత. అమ్మాయి దాన్ని చూసి, "ఇంత చదివే మనిషివి, నువ్వు తప్పావా నాన్నా" అని తెగ నవ్వింది. ఒక నిమిషం సేపు ఏమీ మోగకుండా రికార్డు చెయ్యాల్సిన పరీక్షలో తప్పానని చెప్తే ఇంకా నవ్వింది. ఎలా తప్పానో వివరించబోతే దరఖాస్తు గడువు సాయంత్రం ఐదింటికి అని గుర్తుచేసి లేచిపోయింది. ఎవరికో ఒకరికి వివరించకపోతే నాకు ఊపిరాడదు. ఆ జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నేను పుట్టి పెరిగింది భిలాయిలో, క్యాంప్-1 అనే కార్మికుల బస్తీలో. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటుని పెద్దది చేస్తున్న రోజుల్లో వచ్చినవాడు. మాకు బడి హిందీ, వీధి హిందీ, ఇల్లు తెలుగు. తెలుగు అక్షరాలు అమ్మ పాత క్యాలెండర్ కాగితాల వెనక దిద్దించింది. మిగిలిన తెలుగంతా ఆంధ్రా సంఘం గదిలోని రెండు చెక్క బీరువాల్లోంచి నేనే తవ్వుకున్నాను. ఇంగ్లీషు మాత్రం టౌన్‌షిప్ లైబ్రరీ పెట్టిన భిక్ష. సైకిల్ మీద అరగంట తొక్కితే వచ్చేది. అక్కడ ముందు హాల్లో రిటైరైన ఆఫీసర్లు పేపర్లు చదువుతూ కునుకు తీసేవారు. వెనక హాల్లో ఇంటికివ్వని లావుపాటి పుస్తకాలు ఉండేవి, అక్కడ ఎవరూ ఉండేవారు కారు, నేను తప్ప. పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి ఇరవై మాటలు వెతుక్కుంటూ, నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవాణ్ణి. అలా పద్దెనిమిదేళ్లకి నాకు ఒక నమ్మకం కుదిరిపోయింది. లోకంలో తెలుసుకోదగ్గ సంగతి ఏదైనా ఏదో ఒక పుస్తకంలో ఉంటుంది, లేదూ అంటే అది తెలుసుకోదగ్గది కాదు. ఆ నమ్మకం వల్ల నాకు లాభించిందీ ఉంది, తగిలిన దెబ్బలూ ఉన్నాయి. ఇది దెబ్బ గురించి.

తొంభైల చివర్లో దుర్గ్ వెళ్లే దారిలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు రెండేళ్ల డిప్లొమా పెట్టారు. బోర్డు మీద 'డిజిటల్' అనే మాట మిగతా అక్షరాల కన్నా రెట్టింపు సైజులో, ఎర్ర రంగుతో రాయించారు. లోపల ఆ మాటకి తగ్గ వస్తువు ఒక్కటే ఉండేది, ఏసీ గదిలో ఒక కంప్యూటర్. చెప్పులు బయట విప్పి వెళ్లాలి. మనిషికి వారానికి ఒక గంట. కెమెరా ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉండేది, పండగ నగలా ఎప్పుడో తీసి చూపించి మళ్లీ లోపల పెట్టేసేవారు. లైట్ల స్టాండ్లు రెండున్నాయి, బల్బు ఒకటి. నేను చేరిన ఏడాది మేం పదకొండు మందిమి. ధ్వని పేపరు చెప్పిన సార్ అంతకుముందు పెళ్లి వీడియోలు తీసేవారు, పుట్టి పెరిగింది మా భిలాయి సెక్టార్లలోనే. మంచివారు. అందరం సర్‌జీ అనేవాళ్లం. కోర్ పేపరంటే వెన్నెముక అని మొదటి రోజే చెప్పారు. మిగతావి పోతే తర్వాత చూసుకోవచ్చు, ఐదింట్లో ఏ ఒక్కటి తప్పినా రెండో ఏడాది ప్రాజెక్టుకి కెమెరా ముట్టుకోనివ్వరు. అంటే చదువు అక్కడితో సరి.

మా ఇంట్లో ఆ నిబంధనకి ఇంకో నిబంధన తోడైంది. నాన్నకి ఈ చదువు మీద గురి లేదు. ఆయన స్నేహితుడొకాయన జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు. గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే పని ఖాళీ ఉందన్నాడట. "ఏడాది సదువుకో. ఒక్క పేపరు పోనాదంటే మరి మాటల్నేవు, జాముల్ ఎల్లిపో," అన్నాడు నాన్న. సరే అన్నాను. తప్పుతానని నాకు కలలో కూడా లేదు. ధ్వని పేపరు అయితే అసలే లెక్కలోకి రాదు. శబ్దగ్రహణం మీద టౌన్‌షిప్ లైబ్రరీలో ఉన్న ఏకైక పుస్తకాన్ని నేను అట్ట నుంచి అట్ట దాకా రాసుకుని ఉన్నాను.

ధ్వని పేపరు ప్రాక్టికల్‌కి ఒక పని ఇచ్చారు. మీ వీధి మీద ఐదు నిమిషాల ధ్వని చిత్రం చెయ్యాలి, బొమ్మ ఉండదు, శబ్దాలే. దానికి తోడు, రికార్డు చేసిన చోట ఎవరూ మాట్లాడకుండా, ఏదీ కదలకుండా ఉన్నప్పటి ఒక నిమిషం నిశ్శబ్దం విడిగా తెచ్చివ్వాలి. ప్రతి గదికీ ప్రతి వీధికీ దాని నిశ్శబ్దం దానికుంటుంది. ఎక్కడైనా ఒక దగ్గో తుమ్మో కత్తిరించి తీసేస్తే ఆ కంతలో ఆ నిశ్శబ్దాన్నే అతకాలి, లేకపోతే చెవి పట్టేస్తుంది. ఈ సంగతి సర్‌జీ చెప్పకముందే నాకు తెలుసు, క్లాసులో నేనే వివరించాను. కంప్యూటర్ తెర మీద శబ్దం గీతలా కనిపిస్తుంది కదా, మాటలు పలికినచోట ఆ గీత పర్వతాల్లా లేస్తుంది. ఏమీ లేనిచోట సర్‌జీ పెన్సిల్‌తో చూపించి, నిశ్శబ్దం ఇలా ఉంటుంది అన్నారు. అది సుద్దముక్కతో గీసినంత లావుగా, అంచులు నూగునూగుగా ఉంది. నేను నోటు పుస్తకంలో దాన్ని స్కెచ్ పెన్నుతో అంతే లావుగా గీసుకుని, కింద 'నిశ్శబ్దం' అని రాసుకున్నాను. ఆ నిమిషం నిశ్శబ్దాన్ని దాచుకుందామంటే ఫ్లాపీలు నాలుగు పట్టాయి. అరుపులతో నిండిన ఇంకో నిమిషం కూడా సరిగ్గా నాలుగే పట్టింది. ఏమీ లేనిదానికి ఇంత బరువేంటని సర్‌జీని అడిగితే, కంప్యూటర్‌కి అవన్నీ తెలియవు భాయ్ అన్నారు.

ఆ ఏడాది మాఘంలో మా అన్నయ్య పెళ్లయింది. వదినది సోంపేట దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరు. క్యాంప్‌లో మాకున్నవి రెండు గదులూ వెనక ఒక రేకుల వసారా. వచ్చిన వారం రోజుల్లోనే వదిన కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. పుట్టింటి మీద బెంగ కాబోలు అనుకున్నాం. ఒక పొద్దున్న అమ్మతో కలిసి బియ్యం ఏరుతూ మెల్లిగా అడిగింది.

"అత్తా, ఆ మోత ఎప్పుడాగుతాది?"

"ఏ మోతే?" అంది అమ్మ.

"అదే, జుమ్మని. రాత్రీ పగలూ ఒకటేనాగ వస్తంది కదా."

అమ్మ చెయ్యి ఆపి చెవి ఒగ్గింది. "నాకేటీ ఇనపడ్నేదు. ఫ్యాను గావాల."

"ఫ్యాను కాదత్తా. కరెంటు పోయినప్పుడు కూడా ఉన్నాది."

నేను చాప మీద పుస్తకం చదువుకుంటున్నాను. ధ్వని విషయం వచ్చింది కదా, నోరు ఊరుకోలేదు. "అరే వదినా, ఇక్కడేం ఆవాజ్ లేదు. కొత్త చోట అలా అనిపిస్తుంది. దానికి పుస్తకంలో ఒక పేరు కూడా ఉంది," అన్నాను. ఆ పేరు కూడా చెప్పాను. వదిన బియ్యంలోకి తల వంచుకుని, "మా ఊర్లో సముద్రం కూడా మోగుతాది బాబూ. కానీ సముద్రం ఊపిరి తీసుకుంటాది. ఇది తీసుకోదు," అంది. అన్నయ్య షిఫ్టు నుంచి వచ్చాక ఈ సంగతి చెప్పి నవ్వాం. అప్పటి నుంచి వదిన ఏదైనా మర్చిపోయినా, పప్పు మాడినా, "మోత వినిపించిందా భాభీజీకి" అని ఏడిపించేవాళ్లం. అన్నయ్య కూడా మాతో కలిసి అలాగే ఏడిపించేవాడు. ఆవిడ కొన్నాళ్లకి ఆ మాట ఎత్తడం మానేసింది.

ఏప్రిల్లో ప్రాక్టికల్ పరీక్షకి బయటి ఊరి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. నా తోటివాళ్లందరూ వీధి అంటే పాన్ డబ్బా దగ్గర రేడియో పాటలూ, కూరగాయల బండి కేకలూ, కుక్కల అరుపులూ ఐదు నిమిషాలు దట్టించి తెచ్చారు. నేను అలాంటి చవకబారు పని చెయ్యలేదు. శబ్దం కంటే శబ్దాల మధ్య ఖాళీ ముఖ్యమని చదువుకున్నవాణ్ణి. బిందె కింద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత పది సెకన్ల నిశ్శబ్దం. సైకిల్ గంట, మళ్లీ నిశ్శబ్దం. ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు అవే. ఎగ్జామినర్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విని, ఒక చెవి తీసి, "రికార్డు చేసేటప్పుడు పక్కన జనరేటర్ నడుస్తోందా?" అని హిందీలో అడిగారు. లేదు సార్ అన్నాను. మళ్లీ విన్నారు. "మరి ఈ గుంయ్‌మనేది ఏంటి?" సర్‌జీ తీసుకుని విన్నారు, నాకేం వినపడటం లేదన్నారు. నేను విన్నాను. నాకు స్వచ్ఛమైన నిశ్శబ్దం వినపడింది. ఎగ్జామినర్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మేం కలిసి తనని ఆట పట్టిస్తున్నామని అనుకున్నారు కాబోలు, ఎర్ర పెన్ను తీశారు. రేడియో పాటలవాళ్లు పదిమందీ పాసయ్యారు. ఆ పాటల కింద ఏ గుంయ్ ఉందో ఎవరికీ వినపడలేదు. ఖాళీలు పెట్టుకున్న నేనొక్కణ్ణే తప్పాను.

ఇంట్లో ఏడుపులూ అరుపులూ ఏమీ జరగలేదు, అదే ఇబ్బంది. నాన్న ఒక్క మాటన్నాడు, ఆగస్టులో మళ్లీ పరీక్ష ఉందంటున్నావు కాబట్టి ఆగస్టు దాకా ఆగుతాను, ఆ తర్వాత జాముల్ అని. నేను పగబట్టినట్టు లైబ్రరీ మీద పడ్డాను. పుస్తకంలో 'గుంయ్‌మనే రొద' మీద ఒక అధ్యాయమే ఉంది. కారణాలు మూడు: కరెంటు తీగ పక్క నుంచి మైకు తీగ పోవడం, తీగ పాతబడటం, ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం. తీగలు విడదీశాను. కొత్త తీగ తెచ్చి నేనే టంకం పెట్టి చెయ్యి కాల్చుకున్నాను. ఆఖరికి కాలేజీ వెనక మనిషి లోతు గొయ్యి తవ్వి, పుస్తకంలో చెప్పినట్టే పొరపొరకీ ఉప్పూ బొగ్గూ పోసి, రాగి పలక పాతి తీగ లాగాం. సర్‌జీ కూడా చొక్కా విప్పి పార పట్టారు. మే నెల ఎండలో రోజూ బకెట్టు నీళ్లు ఆ గోతికి పోసేవాణ్ణి, ఎర్తింగ్ తడిగా ఉండాలి కదా. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూసి ఏం మొక్క నాటావు అని అడిగారు. వారానికి దొరికే ఆ ఒక్క గంటలో గీత చూసేవాణ్ణి. లావు అలాగే ఉండేది. బ్యాటరీలు వేసి, కరెంటుతో సంబంధమే లేకుండా రికార్డు చేసినా అలాగే ఉంది. ఆ రోజు పుస్తకం మూసేశాను. దాంట్లో నాలుగో కారణం లేదు.

ఇంటికొచ్చి, కాలేజీ నుంచి తెచ్చుకున్న టేప్ రికార్డర్ ముందు పెట్టుకుని వసారాలో కూలబడ్డాను. వదిన గుడ్డలు మడతపెడుతోంది. మూడు నెలల కిందట బియ్యం ఏరుతూ ఆవిడన్న మాట అప్పుడు, అంత ఆలస్యంగా, నా బుర్రలోకి దిగింది. కరెంటు పోయినప్పుడు కూడా ఉంది అన్న మాట. ఏమీ అనకుండా హెడ్‌ఫోన్లు ఆవిడకిచ్చి, అక్కడి కోడళ్లలా తల మీద కప్పుకున్న చీర కొంగు మీదుగానే పెట్టుకోమన్నాను. పెట్టుకుంది. రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఇదే బాబూ. ఇదే ఆ మోత. దీన్ని పెట్టిలో ఎలగ పెట్నావు?" అంది. అని, హెడ్‌ఫోన్లతోనే వంటింటి గుమ్మం దాకా నడవబోయింది, తీగ సంగతి మర్చిపోయి. "అత్తా, ఇను. ఇందల ఉన్నాది. నాను అబద్దం సెప్నేదు."

మూడు నెలలుగా ఈ ఇంట్లో తన చెవుల మీద తనకే అనుమానం వచ్చేలా చేశామని నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. అప్పుడు నాకు తట్టిందల్లా నా పరీక్ష. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చాక ఈ మోతేమిటని అడిగాను. ఆయన చెంబుతో కాళ్లు కడుక్కుంటూ, "బ్లోయర్ల మోత. ఫర్నేసులకి గాలి కొడతాయి కదా. ముప్పై ఏళ్లనుంచీ నాను సేసే పనేటనుకున్నావు?" అన్నాడు. మరి మాకెవరికీ ఎందుకు వినపడదంటే, "పుట్టినకాణ్ణుంచీ ఉన్నాది, ఏటినపడతాది. నాకూ ఇంటికాడ ఇనపడదు," అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నేను గట్టిగానే అడిగాను. "నువ్వు పుస్తకాన్నడిగినావు, గొయ్యినడిగినావు. నన్నడిగినావేటి?" అని తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఆ గొయ్యి సంగతి ఆయనకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఇక నాకు మార్గం తేటగా కనిపించింది. మోత లేని చోటు వెతకాలి, అక్కడ రికార్డు చెయ్యాలి. నా చెవులు పనికిరావు, వదిన చెవులు కావాలి. అన్నయ్యని బతిమాలి ఆదివారాలు స్కూటర్ మీద వదినని తీసుకురమ్మనేవాణ్ణి, నేను సైకిల్ మీద ముందుగా వెళ్లేవాణ్ణి. రిసాలి దాటి పొలాలు మొదలయ్యేదాకా పోయాం. వదిన స్కూటర్ దిగి, గట్టు మీద నిలబడి, కొంగు వెనక్కి తోసి, కళ్లు మూసుకునేది. మేమిద్దరం డాక్టరు ముందు రోగి బంధువుల్లా నిలబడేవాళ్లం. "ఉన్నాది. సన్నగా ఉన్నాది," అనేది. ఇంకో కోసు దూరం పోయేవాళ్లం. గాలి ఇటు తిరిగిందంటే మళ్లీ వచ్చేది. అన్నయ్యకి విసుగొచ్చి, "ఇలాగే పోతే సోంపేట వచ్చేస్తది, అక్కడే రికార్డు చేసుకో," అన్నాడు. ఆ మాటకి వదిన మొహం ఒక్కసారిగా వెలిగి, వెంటనే మామూలైపోయింది. ఇంకో దిక్కున జాముల్ వైపు పోదామంటే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ మోత వేరే ఉంది. నేను ఒకవేళ తప్పితే కూర్చోవాల్సిన గేటు కూడా ఆ దారిలోనే ఉంది, అటు చూడకుండా తిరిగొచ్చాం. ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదు కదా, వాళ్ల నాన్న వచ్చి వదినని తీసుకుపోయాడు.

నాకు నిజంగా సంతోషమే వేసింది. ఎందుకంటే, నెల్లాళ్లు మోత లేని ఊళ్లో ఉండి వస్తే వదిన చెవులు మళ్లీ కడిగినట్టు కొత్తవవుతాయి. వచ్చిన రెండు రోజుల్లో చోటు తేలిపోతుంది, మూడో రోజు రికార్డింగు, వారంలో పరీక్ష. కాగితం మీద అంతా కుదిరింది. ఆ నెల్లాళ్లూ నేను వేరే దారి వెతకలేదు. అన్నయ్య కన్నా నేనే ఎక్కువగా ఆవిడ కోసం రోజులు లెక్కపెట్టానేమో.

శ్రావణం వచ్చిన మర్నాడు దుర్గ్ స్టేషన్లో దిగింది. మనిషి నల్లబడింది, బుట్టలో జీడిపప్పూ ఎండు చేపలూ తెచ్చింది. ఆ రాత్రి హాయిగా పడుకుని పొద్దెక్కాక లేచిందని అమ్మ సంబరంగా చెప్తే నాకు అనుమానం తగిలింది. టీ కూడా తాగనివ్వకుండా, "వదినా, మోత ఎలా ఉంది?" అన్నాను. ఆవిడ వసారాలోకి వచ్చి, అలవాటు ప్రకారం కొంగు వెనక్కి తోసి, కళ్లు మూసుకుంది. చాలాసేపు నిలబడింది. పెరట్లోకి వెళ్లింది. అక్కడా నిలబడింది. తిరిగొచ్చి గుమ్మం మీద కూర్చుంది.

"నాకేటీ ఇనపడ్నేదు బాబూ."

"సరిగ్గా విను వదినా. పరీక్ష వారమే ఉంది."

"ఇంటన్నాను. నిన్న బండి దిగినకాణ్ణుంచీ అదే ఇంటన్నాను. నువ్వడుగుతావని నాకు తెల్దేటి. నేదు." కొంగు మళ్లీ తల మీదికి లాక్కుంది. "ఊర్లో నాకు నిద్దర పట్నేదు. సముద్రం మోత. ఇరవై ఏళ్లు ఆ పక్కనే తొంగున్నాను, ఎప్పుడూ ఇనపళ్లేదు. ఇప్పుడు తెల్లార్లూ అదే. మా అమ్మ నవ్వినాది, అప్పుడే భిలాయి దానివైపోనావా అని."

అలా చెప్తూ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. ఆ మాటలో ఏముందో వినాల్సినవాణ్ణి నేను. ధ్వని చదువుకుంటున్నవాణ్ణి. నేనన్నదేమిటంటే, "ఒక్క వారం ఆగలేకపోయావా వదినా?" అని. ఆవిడేదో కావాలని చేసినట్టు. "అబద్దం సెప్పి ఎక్కడో సోటు సూపించీగలను. నీ పరీచ్చ పోతాది కదా," అని లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట నుంచీ ఆవిడ నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు.

మిగిలిన వారంలో సర్‌జీ ఒక ఉపాయం చెప్పారు. కంప్యూటర్ కదా, ఖాళీలున్నచోట గీతని చెరిపేసి సున్నా పెట్టేద్దాం అన్నారు. పెట్టాం. తెర మీద మొట్టమొదటిసారి వెంట్రుక కన్నా సన్నటి గీత చూశాను, ముచ్చటేసింది. వినిపిస్తే మాత్రం గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ఉలిక్కిపడి, "బంద్ హో గయా క్యా?" అన్నారు, ఆగిపోయిందా అని. మెషిన్ చచ్చిపోయినట్టు ఉంది. బిందె చప్పుడు బావిలోంచి వచ్చినట్టు ఉంది. మోతని వినలేని చెవులు అది లేకపోవడాన్ని మాత్రం చిటికెలో పట్టేశాయి. సున్నా తీసేసి, పాతదాన్నే ఉంచి, తెల్లకాగితం మీద రెండు పేజీలు రాసుకున్నాను. ఈ రొద యంత్రలోపం కాదు, మా ఊరి నిశ్శబ్దమే ఇది, దీని మూలం బ్లోయర్లు, ఇది స్థానికులకు వినపడకపోవడానికి కారణాలు ఇవీ అని, వదిన సముద్రం సంగతితో సహా. నా జీవితంలో అంత మంచి వ్యాసం మళ్లీ రాయలేదు. ఏ పుస్తకంలోంచీ ఎత్తి రాయనిది కూడా అదొక్కటే.

పరీక్ష రోజున వచ్చింది వేరే ఎగ్జామినర్. పెద్దాయన. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఐదు నిమిషాలూ విన్నారు. విడిగా ఇచ్చిన నిమిషం నిశ్శబ్దాన్ని కూడా పూర్తిగా విన్నారు. నేను ఆ రెండు కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, "బహుత్ సాఫ్," అన్నారు. ఇంత శుభ్రమైన నిశ్శబ్దాన్ని తెచ్చిన కుర్రాడు ఈమధ్య కనపడలేదన్నారు. మీది ఏ ఊరు సార్ అని అడిగాను. ఇంకో ఉక్కు ఊరి పేరు చెప్పారు. పుట్టిందీ పెరిగిందీ ప్లాంటు గోడ పక్కనే అన్నారు.

"ఆ కాగితాలేంటి బేటా?" అని చెయ్యి చాపారు.

ఆయన వెనక నిలబడ్డ సర్‌జీ కళ్లతోనే వద్దు వద్దు అన్నారు. నేను ఒక్క మాట చెప్తే చాలు, సార్, మీకు వినపడటం లేదు కానీ దీంట్లో ఒక మోత ఉంది, అని. నాలుగు నెలలు నేను పడ్డ పాటంతా, వదిన గట్ల మీద నిలబడి విన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. చెప్తే తప్పుతానేమో. తప్పితే జాముల్ గేటు. "ఏం లేదు సార్, రఫ్ కాగితాలు," అని మడిచి జేబులో పెట్టుకున్నాను. తెలిసిన సంగతిని ఎవరికీ వివరించకుండా మింగినది నా జన్మలో అదే మొదటిసారి. పాస్ మార్కుల కన్నా చాలా ఎక్కువే వచ్చాయి. అవి ఎవరి మార్కులో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంటికి వెళ్లేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. "ఏటన్నాడు బాబూ?" అంది, వారం తర్వాత నాతో మొదటి మాట. నిశ్శబ్దం చాలా బాగుందన్నాడు అని చెప్పాను. ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను, ఇద్దరం నవ్వలేదు. "అన్నానికి రా," అంది. నాకు జాముల్ తప్పింది, ఆ తర్వాత రెండో ఏడాది కెమెరా కూడా ముట్టుకున్నాను. కానీ నాలుగు నెలలు పనిగట్టుకుని వెతికిన పాపానికి ఆ మోత నాకు వినపడటం మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోతుంటే నేనొక్కణ్ణే వింటూ పడుకునేవాణ్ణి, వదిన మొదటి వారంలో పడుకున్నట్టు. ఎవరికైనా చెప్తే నవ్వుతారని తెలుసు కాబట్టి చెప్పలేదు. ఎన్నాళ్లకి వినపడటం మానిందో గుర్తులేదు. గుర్తుండే వీలూ లేదు, ఎందుకంటే కాలం మన చెవిలోంచి ఒక మోతని తీసుకుపోయేటప్పుడు, పోయిందని తెలుసుకునే చెవిని కూడా వెంటబెట్టుకునే పోతుంది.